అమ్మోగారు కళ్లజోడు తీయని రోజు

మా అమ్మోగారికి ఉన్నది ఒకటే అలవాటు. ఆయన నిర్ఘాంతపోతారు.

ఎప్పుడో ఒకప్పుడు అందరూ నిర్ఘాంతపోతారు, ఇందులో వింతేముంది అనుకోవచ్చు. మనం తగిన కారణం దొరికినప్పుడు, అదీ తప్పనిసరైతే, ఆ పని చేస్తాం. ఆయన పొద్దున్నే స్నానాలగది గుమ్మంలో మొదలుపెడతారు. టూత్‌పేస్టు మూత ఎవరైనా పెట్టకుండా వదిలేస్తే చాలు, అక్కడే ఆగిపోయి, కుడిచెయ్యి గుండెమీద వేసుకుని "అమ్మో" అంటారు. అరవరు. అరిస్తే మాకింత బాధ ఉండేది కాదు. దగ్గరివాళ్లెవరో పోయారని ఫోనులో విన్న మనిషిలా, లోగొంతుకతో, నెమ్మదిగా అంటారు. ఆ మాట చెవిన పడ్డవాళ్లు, తప్పు తమదైనా కాకపోయినా, పరుగున వెళ్లి మూత పెట్టేసి వస్తారు.

ఆ ఇంట్లో మేమంతా చదువుకోడానికి పరాయిదేశం వచ్చినవాళ్లం. ఇల్లు ఆయన పేరుమీద అద్దెకు తీసుకుని, గదులు మాకిచ్చారు. భారీ మనిషి. గుబురు మీసం. మట్టిమీద పరిశోధన చేస్తున్నారు. ఎప్పటినుంచి అని అడిగితే మట్టికీ ఆయనకీ ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుందని ఎవరం అడగలేదు. ఎదురుగా "అన్నయ్యా" అంటాం. చాటుగా అమ్మోగారు.

ఆయన నిర్ఘాంతానికి మెట్లున్నాయి. చిన్నదైతే చెయ్యి గుండెమీదికి వెళ్తుంది. కాస్త పెద్దదైతే కళ్లజోడు తీస్తారు, ఇంత ఘోరాన్ని స్పష్టంగా చూడలేనన్నట్టు. మరీ పెద్దదైతే కూర్చుండిపోతారు. చిక్కు ఎక్కడంటే, కూర్చునే ముందు వెనకాల కుర్చీ ఉందో లేదో చూసుకోరు. అందువల్ల మా ఇంట్లో ఒక ఆచారం ఏర్పడింది. ఆయనకి ఏదైనా కబురు చెప్పేవాళ్లు ముందు కుర్చీ ఒకటి ఆయన వెనక్కి జరిపి, తర్వాత నోరు తెరవాలి. కొత్తగా చేరినవాళ్లకి తాళంచెవితోపాటు ఈ సంగతి కూడా అప్పజెప్పేవాళ్లం. "ఈ కబురు కళ్లజోడుదా, కుర్చీదా?" అన్నది మా వంటింట్లో రోజూ వినిపించే ప్రశ్న.

నేను చేరిన కొత్తలో గ్రంథాలయం పుస్తకాన్ని తెరిచి, బల్లమీద బోర్లా పెట్టి నీళ్లు తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన దానిముందు కళ్లజోడు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నడుం విరిగిపోదూ దానికి?" అన్నారు.

సాహిత్యం చదివే పిల్లని. పుస్తకాలంటే ప్రాణమని ఎక్కడికి వెళ్లినా నాకు పేరు. గదిలోకి పోయి, ఆ సాయంత్రమంతా బయటికి రాలేదు. చీకటిపడే వేళకి తలుపు కిందనుంచి ఏదో జారి లోపలికి వచ్చింది. టీ పొడి డబ్బా అట్టని సన్నగా కత్తిరించి, అంచులు గరుకు లేకుండా రాసిన ముక్క. పేజీల మధ్య పెట్టుకోడానికి. ఆనాటినుంచి నేను ఆయనకి "పుస్తకాలమ్మ"ని. ఆయనతో మాత్రం నిండుగా ఒక వాక్యం మాట్లాడటానికి నాకు చాలాకాలం పట్టింది.

పక్కగదిలో న్యాయశాస్త్రం చదివే అబ్బాయి ఉండేవాడు. మేం లాయరనే పిలిచేవాళ్లం. అతనికి నా కష్టం లేదు. ఒకసారి గడువు దాటిన పాలు తాగి, "ఆ తేదీ సలహా మాత్రమే అన్నయ్యా, చట్టం కాదు" అని వాదించాడు. అమ్మోగారు కూర్చున్నారు. ఆ పూట కుర్చీ లేదు. పాలు తాగినవాడికి ఏమీ కాలేదుగానీ, విన్నవారికి నడుం పట్టేసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. నాతోపాటు ఒకే గదిలో ఉండే అమ్మాయిని బాతుపిల్ల అనేవాళ్లం. కదిలే బొమ్మల చదువు ఆమెది. పట్టా కోసం ఒక బాతు సినిమా తీస్తోంది. బాతు ఒక చెరువునుంచి ఇంకో చెరువుకి నడిచి వెళ్తుంది, అంతే కథ. నడక ఒక్కటే నెలల తరబడి గీసింది. ఖర్చులకోసం కాలేజీ క్యాంటీనులో గిన్నెలు సర్దేది. దానికితోడు ఒక కంపెనీకి బొమ్మలు వేసిచ్చే పని దొరికింది. ఫోన్లలో మాటలకి బదులు జనం పంపుకుంటారే, ఏడ్చే పిల్లి, అలిగిన కుందేలు, అలాంటివి.

ఆ కంపెనీని ఆమె పొగడని రోజు లేదు. "క్యాంటీనువాళ్లు ప్రతినెలా ట్యాక్సని చెప్పి కోసేస్తారే. వీళ్లు చూడు, ఒక్క పైసా కొయ్యరు. ఒప్పుకున్నదంతా ఇస్తారు. ఎంత మంచి కంపెనీయో" అనేది. మాకూ ఎంతో ముచ్చటగా ఉండేది. లాయరైతే తనకి బొమ్మలు రావని మొదటిసారి బాధపడ్డాడు. ఈ పొగడ్తలు అమ్మోగారి చెవిన పడలేదు కనుక, మంచితనమంటే కొయ్యకపోవడమేనని మిగతా ఇంటిల్లిపాదీ నమ్మాం. ఆమె సంతకం చేసిన ఒప్పందంలో సంగతంతా రాసే ఉంది. కానీ అందులో ఆమె శ్రద్ధగా చూసింది పైన ఉన్న కంపెనీ గుర్తు ఒక్కటే. దాని రంగులు కుదరలేదని వాటిని మార్చి మరీ పంపింది.

ఏటా పన్ను లెక్కలు చెప్పుకోవలసిన గడువు దగ్గరపడగానే మా భోజనాల బల్లమీదనుంచి గిన్నెలు దిగిపోయేవి. అమ్మోగారు ఆ చివర కూర్చునేవారు. ఎవరి కాగితాలు వాళ్లు పట్టుకుని వరసగా వెళ్లాలి. చదువుకునేవాళ్లకి పన్నేమిటని నేను మొదట్లో అనుకున్నాను. సంపాదన లేకపోయినా, లేదని చెప్పాలట. ఏమీ లేదని చెప్పడానికి ఇన్ని పేజీలు పట్టడం నేను ఆధునిక కవిత్వంలో తప్ప ఇంకెక్కడా చూడలేదు.

ఆ ఏడు కచేరి లాయరుతో మొదలైంది. అతను ఆకుపచ్చ సిరాతో సంతకం చేసుకొచ్చాడు. కళ్లజోడు తీశారు. తేదీ వేయడం మరిచాడు. కూర్చునే ఉన్నారు కనుక, ఇంకా కూర్చోలేక, బల్లమీద తల ఆనించారు. అందరం తలో గ్లాసు నీళ్లు తెచ్చుకున్నాక మళ్లీ మొదలైంది.

"జీతం కాకుండా సొంతంగా ఎవరైనా ఏమైనా చేస్తున్నారా?" అని అడిగారు ఆయన. "పాఠాలు చెప్పడం, కంప్యూటర్ పని, బొమ్మలు, ఏదైనా సరే."

బాతుపిల్ల నోరు తెరవబోయింది, గర్వంగానే. ఆమెకంటే ముందు లాయరు, "చేస్తే ఏమవుతుంది అన్నయ్యా?" అన్నాడు.

"ఏమవుతుందా? క్యాంటీనులో నువ్వు ఉద్యోగివి. నీ ట్యాక్స్ వాళ్లే కోసి కట్టేస్తారు. సొంతంగా చేస్తే నువ్వు కాంట్రాక్టరువి. నిన్నెవరూ కొయ్యరు. నువ్వే యజమానివి, నువ్వే పనివాడివి. యజమానిగా నువ్వే కొయ్యాలి, పనివాడిగా నువ్వే ఏడవాలి. చేతికొచ్చిందంతా నీది కాదు నాయనా. అందులో ఒక వాటా ప్రభుత్వానిది. నీ దగ్గర కాసేపు కూచుంటుంది, అంతే. నీ అంతట నువ్వు చెప్పి కట్టాలి. అలా చెప్పకుండా ఎవరైనా గాని..."

వాక్యం పూర్తికాలేదు. ఊహకే ఆయన చెయ్యి గుండెమీదికి, అక్కడినుంచి కళ్లజోడుమీదికి వెళ్లింది.

బల్ల కింద నా మణికట్టుని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. పక్కకి చూశాను. బాతుపిల్ల మొహంలో రంగులన్నీ పోయి, గీతలు మాత్రం మిగిలాయి. గర్వంగా తెరిచిన నోరు అలాగే ఉంది. ఆయన తన వంక చూడగానే క్యాంటీను కాగితం ఒక్కటీ ఇచ్చి, కడుపునొప్పని చెప్పి, గదిలోకి పరుగెత్తింది.

గదిలోకి వెళ్లేసరికి మంచంమీద మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది.

"కిందటేడు నా అంతట నేనే నింపి పంపాను, అప్పుడూ ఇది చెప్పలేదే" అంది. "మంచి కంపెనీ అనుకున్నానే."

మేం చూసిన మంచితనమంతా ఇంకొకరి వాటా అని తెలిసేసరికి కంపెనీ మీద కోపం తెచ్చుకోడానికి కూడా లేదు. వాళ్లు అబద్ధం ఆడలేదు, కాగితంమీద రాసే ఇచ్చారు. ఆ వచ్చినదాంట్లో చాలాభాగం పెట్టి ఆమె బొమ్మలు గీసే ఎలక్ట్రానిక్ పలక ఒకటి కొనేసింది. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. ఈ దేశంలో ఉండి చదువుకోడానికి ఇచ్చిన అనుమతిని ఆ వేసవిలోనే పొడిగించుకోవాలి. పన్ను ఎగ్గొట్టినవాళ్లకి పొడిగించరని లాయరు ఎక్కడో విన్నాడు. పొడిగించకపోతే బాతు సినిమా పూర్తికాదు. సినిమా పూర్తికాకపోతే పట్టా లేదు. ఇంతకాలం ఇక్కడ ఏం చేశావని ఇంట్లోవాళ్లు అడిగితే, ఒక బాతుని సగం దూరం నడిపించానని చెప్పాలి.

అమ్మోగారికి చెబుదామన్న మాట మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది, ఒకేసారి ఒళ్లు జలదరించింది. పేస్టు మూతకి గుండె పట్టుకునే మనిషి. ఆకుపచ్చ సిరాకి తల వాల్చేసిన మనిషి. ఇది విని బతుకుతారా?

లాయరుని పిలిచాం. అతను గదిలో అటూ ఇటూ నడిచి, "కంపెనీ కొయ్యలేదు కాబట్టి తప్పు కంపెనీది. కోర్టులో నిలబడదు" అన్నాడు. ఆ ధైర్యం మాకు ఒక పూట పనిచేసింది. సాయంత్రం అతనే తిరిగొచ్చి, "నేను మొదటి ఏడాదిలో ఉన్నాను. కోర్టులోపలికి ఇంకా వెళ్లలేదు" అని గుర్తుచేశాడు.

అప్పుడు నేను పన్ను నిబంధనల పుస్తకం పట్టుకున్నాను. ఎంత లావు నవలైనా భయపడని దాన్ని కదా అని. అందులో కథానాయకుడు పన్ను చెల్లింపుదారు. అతను ఒక్క పేజీలోనూ సుఖపడడు. మొదటి పేజీలో పరిచయమైన మాటకి అర్థం ఎక్కడో చివరి అధ్యాయంలో దొరుకుతుంది. అక్కడికి వెళ్తే మళ్లీ మొదటి పేజీ చూడమంటుంది. విద్యార్థులకి మినహాయింపు ఉందని ఒకచోట సంతోషపెట్టి, తర్వాతి వాక్యంలో "అయితే" అంటుంది. ఆ పుస్తకంలో నేను చూసినన్ని "అయితే"లు మన కావ్యాలన్నీ కలిపినా ఉండవు.

ఈలోగా బాతుపిల్ల గీయడం మానేసింది. ఆమె పలకమీద బాతు ఒక కాలు గాల్లోకి ఎత్తి అలాగే ఆగిపోయింది. పొద్దున లేచి చూసినా కాలు ఎత్తే ఉంది, కాలేజీనుంచి వచ్చి చూసినా ఎత్తే ఉంది. ఆ కాలు చూడలేక నాకే కాలు లాగడం మొదలైంది.

"చెప్పేద్దాం" అన్నాను ఒకరోజు.

"ఆయనకేమన్నా అయితే?" అంది.

"అది వేరే కేసు" అన్నాడు లాయరు.

ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం పెట్టుకున్నాం. ముందుగదిలో అన్నిటికంటే గట్టి కుర్చీ తెచ్చి మధ్యలో వేశాం. ఆయన బరువుకి అటో ఇటో ఒరిగితే దెబ్బ తగలకుండా మా గదుల్లో ఉన్న దిండ్లన్నీ తెచ్చి కుర్చీ చుట్టూ నేలమీద పరిచాం. తడిగుడ్డ ఒకటి. నీళ్ల జగ్గు ఒకటి. లాయరు కుర్చీ వెనక చేతులు చాపి నిలబడ్డాడు. నేను అంబులెన్సు నంబరు ఫోనులో నొక్కి, పిలవడానికి ఒక్క మీట దూరంలో వేలు పెట్టుకుని గోడకి ఆనుకున్నాను. బాతుపిల్ల మధ్యలో నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జగ్గు పట్టుకుంది.

అమ్మోగారు ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ లోపలికి వచ్చారు. రెండడుగులు వేసి ఆగారు. మా ముగ్గురి మొహాలూ చూడలేదు. కిందికి చూశారు.

"దిండ్లు... నేలమీదా?"

చెయ్యి గుండెమీదికి వెళ్లింది. కళ్లజోడు తీశారు. ఇంకా ఏమీ చెప్పకముందే రెండు మెట్లు ఎక్కేశారు. నేను వేలు మీటకి ఇంకాస్త దగ్గరగా జరిపాను. ఇక ఆపితే ఎప్పటికీ చెప్పలేననుకుందో ఏమో, బాతుపిల్ల ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది.

"అన్నయ్యా నేను ఒక కంపెనీకి బొమ్మలు వేస్తున్నాను కాంట్రాక్టరుగానే అంట నాకు తెలీదు కిందటేడూ ఈ ఏడూ ట్యాక్స్ కట్టలేదు అసలు చెప్పనేలేదు వాళ్లు కొయ్యకపోతే మంచివాళ్లనుకున్నాను ఆ డబ్బుతో పలక కొనేశాను ఇప్పుడు నన్ను పంపించేస్తారేమో."

లాయరు చేతులు ఇంకాస్త చాచాడు.

అమ్మోగారు చేతిలో ఉన్న కళ్లజోడు వంక చూశారు. చొక్కా అంచుతో తుడిచారు. తీరిగ్గా పెట్టుకున్నారు.

నేను అంతవరకు చూడని సంగతి అది. ఆయన కళ్లజోడు తీయడం వందలసార్లు చూశాను. పెట్టుకోవడం చూడలేదు.

"ఈ పని చెయ్యడానికి కాలేజీలో అనుమతి తీసుకున్నావా?" అన్నారు. గొంతు మామూలుగా ఉంది.

"తీసుకున్నాను. మా చదువుకి సంబంధించిన పనే కదా, మా మేడమే సంతకం పెట్టారు."

"శభాష్. అన్నిటికంటే ముఖ్యం అదే. ఈ ఏటికి గడువు ఇంకా ఉంది. దాటింది కిందటేడుది ఒక్కటే. వాళ్లు ఏమైనా అడుగుతూ రాశారా?"

"లేదన్నయ్యా."

"ఇంతేనా?"

"ఇంతే."

"సరే. పుస్తకాలమ్మా, కాస్త టీ పడేస్తావా? ఏమయ్యా లాయరూ, నా వెనక చేతులు చాపుకుని నిలబడ్డావేం?"

కుర్చీ ఎలాగూ వేసి ఉంది కనుక లాయరే కూర్చున్నాడు. నేను గోడవెంట జారి దిండుమీద కూలబడ్డాను. బాతుపిల్ల జగ్గులోని నీళ్లు తనే తాగేసింది. ఆ గదిలో నిర్ఘాంతపోకుండా నిలబడి ఉన్నది అమ్మోగారు ఒక్కరే. మమ్మల్నందరినీ దాటుకుంటూ దిండ్లు ఏరి, దులిపి, సోఫామీద పేర్చారు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మళ్లీ ఖాళీ అయింది. ఆయన ఒక్కొక్కటే అడిగారు, ఆమె చెప్పింది.

"ఈ పలక దేనికి కొన్నావు?"

"బొమ్మలు వెయ్యడానికి" అంది తల దించుకుని, దొంగసొత్తు బయటపెడుతున్నట్టు.

"మరి అది ఖర్చు కదమ్మా. నువ్వు యజమానివన్నానా? యజమానికి పనిముట్లుంటాయి. వచ్చినదాంట్లోంచి అవి తీసేసి, మిగిలినదానికే ట్యాక్స్. బొమ్మలు వేసే ప్రోగ్రాముకి అద్దె కడుతున్నావా? అదీ తీసెయ్యి. మన దేశానికీ వీళ్లకీ మధ్య విద్యార్థులకోసం ఒక ఒప్పందం ఉంది. దానివల్ల ఇంకొంచెం తగ్గచ్చు, తగ్గకపోవచ్చు. అడుగుదాం. అడిగితే పోయేదేముంది?"

బాతుపిల్ల తల ఎత్తింది. తన నేరానికి సాక్ష్యమనుకున్న పలక తనవైపే నిలబడిందని తెలిసి దానివంక కొత్తగా చూసింది.

మర్నాడు అందరం కలిసి పన్నుల కార్యాలయానికి వెళ్లాం. లాయరు కూడా వచ్చాడు, కోర్టు కాకపోయినా అలాంటిదేదో చూసినట్టుంటుందని. నేలకి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, గోడమీద మన వంతు చూపించే ఎర్ర అంకెలు. వంతు వచ్చింది. అద్దం వెనక జలుబుచేసిన ఒక పెద్దావిడ, ఆవిరి వస్తున్న కప్పు పట్టుకుని కూర్చుని ఉంది. మేం ఆమె ఎదురుగా నిలబడగానే అమ్మోగారి చెయ్యి గుండెమీదికి వెళ్లింది. కళ్లజోడు తీశారు. మా ప్రాణాలు పోయాయి. ఇంట్లో అణచుకున్నదంతా ఇక్కడ బయటపడుతోంది అనుకున్నాం.

"ఏమైనా ఇబ్బందిగా ఉందా? కేసు మీదేనా?" అని ఆవిడ లేవబోయింది.

"కాదండి. ఈ మొక్క" అన్నారు. అద్దం పక్కన కుండీలో ఒక మొక్క ఉంది. "మట్టి ఇంత బిగుసుకుపోయిందేమిటండి? దీనికి ఊపిరి ఎలా ఆడుతుంది?"

ఆవిడ అనుమతి అడిగి, జేబులోంచి పెన్ను తీసి, కుండీలో మట్టి గుల్లచేస్తూ పక్కకి జరిగారు. మా సంగతి బాతుపిల్ల తనే చెప్పుకోవలసి వచ్చింది. మొదట కాగితాలు మాత్రమే ముందుకు తోసిందిగానీ, పక్కన మట్టి గీరుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉండటంతో మెల్లగా చెప్పుకొచ్చింది.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది ఆవిడ, తప్పదు కనుక.

"మంచి కంపెనీ అనుకున్నానండి. ఏమీ కొయ్యకపోతే."

ఆవిడ కప్పు కింద పెట్టింది. ముక్కు తుడుచుకుంది. నవ్వో జలుబో చెప్పడం కష్టం. ఈ మాట తాను ప్రతి ఏడూ వింటానని చెప్పింది. మేం పిలిచాక వచ్చేవాళ్లు వేరు, పిలవకముందే వచ్చేవాళ్లు వేరు అంది. జరిమానా ఉంటుంది, చిన్నది. మిగిలింది వాయిదాల్లో కట్టుకోవచ్చు. చదువు అనుమతి పొడిగించేవాళ్లు అడిగితే, వాయిదాలు కుదిరాయన్న కాగితం చూపిస్తే సరిపోతుంది. దేశాల మధ్య ఒప్పందం సంగతి అడిగితే, "వర్తిస్తుంది. అయితే" అంది. ఆ మాట వినగానే నాకు పాత స్నేహితుడు కనబడినట్టనిపించింది. కొద్దిగానే అయినా, తగ్గింది.

బయట బస్సుకోసం నిలబడ్డాం. లాయరూ బాతుపిల్లా ముందు నడుస్తూ, ఆమె ఎంత బాగా వాదించుకుందో మాట్లాడుకుంటున్నారు. నేను అమ్మోగారి పక్కన మిగిలాను. అప్పుడు, నా జీవితంలో మొదటిసారిగా, ఆయన్ని నిండు వాక్యం ఒకటి అడిగాను.

"అన్నయ్యా, దిండుకి కళ్లజోడు తీసిన మీరు దీనికెందుకు తీయలేదు?"

ఆయన గోళ్లలో మట్టి తుడుచుకున్నారు.

"నేను వచ్చిన కొత్తలో ఇదే పని చేశానమ్మా. ఇంటినుంచే పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పేవాణ్ణి. నాకూ కొయ్యలేదు. నేనూ మంచి కంపెనీ అన్నాను. తెలిశాక భయమేసి, మా సీనియర్ ఒకాయన ఉంటే చెప్పాను. ఆయన అదిరిపడ్డాడు. వెళ్లి ఇంకొకరికి చెప్పాడు, వాళ్లూ అదిరిపడ్డారు. అంతా నన్ను చూడ్డానికి వచ్చేవాళ్లు. తలుపు దగ్గర నిలబడి అయ్యయ్యో అని వెళ్లిపోయేవాళ్లు. అందరూ అదిరిపడటం అయ్యేసరికి గడువు కాస్తా దాటిపోయింది."

"మరి?"

"మరేముంది. అప్పుడే అనుకున్నాను. అదిరిపాటు ఏ మనిషికైనా కొంతే ఉంటుంది కదా. నాది మూతలకీ దిండ్లకీ రోజూ చిల్లరగా ఖర్చుపెట్టేసుకుంటాను. అసలైనది పట్టుకుని ఎవరైనా వచ్చేసరికి నా దగ్గర ఏమీ మిగలకూడదు. ఊరికే టీ అడిగేంత ఖాళీగా ఉండాలి."

బస్సు వచ్చింది. ఎక్కుతూ, పైమెట్టుమీద ఎవరో పారేసిన టికెట్టు చూసి "అమ్మో" అన్నారు. వంగి తీసి జేబులో వేసుకున్నారు.

ఆ రాత్రి భోజనాలకి ముందే బాతు ఎత్తిన కాలు దించింది.

తర్వాత కొన్నాళ్లకి బాతుపిల్ల కంపెనీకి కొత్త బొమ్మ ఒకటి వేసిచ్చింది. గుబురు మీసాల ఎలుగుబంటి. ఒక చెయ్యి గుండెమీద, ఇంకో చేతిలో కళ్లజోడు, వెనకాల కుర్చీ లేకుండానే కూర్చోబోతూ ఉంటుంది. కింద మాట ఏమీ లేదు, అక్కర్లేదు. ఏడ్చే పిల్లినీ అలిగిన కుందేలునీ దాటి అదే ఎక్కువగా అమ్ముడుపోయింది. మాకు పరిచయం లేనివాళ్ల ఫోన్లలో కూడా అమ్మోగారు గుండె పట్టుకోవడం మొదలుపెట్టారు. ఆయనకి మాత్రం చాలాకాలం ఎవరం చూపించలేదు.

చివరికి సినిమా పూర్తయిన రోజున, బాతు రెండో చెరువులో దిగడం అందరం చూశాక, బాతుపిల్లే ధైర్యం చేసి ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన చాలాసేపు చూశారు. మీసం తడుముకున్నారు.

"ఇది ఎవరు?" అన్నారు.

అందరం తెరమీద బాతు వంక చూశాం.

"బాగా అమ్ముడుపోతోందా?"

"బాగా పోతోందన్నయ్యా."

"మరి దీనికి వచ్చినదాంట్లో ట్యాక్స్ వాటా..."

"వచ్చిన రోజే పక్కన పెట్టేశాను. ఎంత కట్టాలో ముందే కనుక్కున్నాను. సగం కట్టేశాను కూడా."

అమ్మోగారి చెయ్యి గుండెమీదికి వెళ్లింది. కళ్లజోడు తీశారు. ఎవరో తన మాట విని, అడగకుండా, గడువుకి ముందే చేశారన్న కబురుకి ఆయన దగ్గర ఏ ఏర్పాటూ లేదు. కుర్చీ జరపాలని మాకూ తట్టలేదు. ఆయన నిదానంగా, ఎలుగుబంటి కూర్చున్నట్టే, నేలమీద కూర్చుండిపోయారు.

బాతుపిల్ల పరుగెత్తి గదిలోంచి దిండు తెచ్చి ఆయన వీపు వెనక పెట్టబోయింది.

"దిండు... నేలమీదా?" అన్నారు, కిందనుంచే.